నలభై ఇళ్ళు, ఎనభైమంది పిల్లలు

మా పత్రిక ఎలా పుట్టిందని మీరంతా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇందులో నేను గొప్పగా కనిపించే చోట్లు రెండో మూడో ఉన్నాయి. అవి వచ్చినప్పుడు నేనే చెబుతాను, మీ అంతట మీరు పోల్చుకోలేరు.

నేను పనిచేసేది ఒక అచ్చాఫీసులో. పదిహేడేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. మేం వేసేవి గోడ క్యాలెండర్లు, డైరీలు, బస్సుల టైం టేబుళ్ళు, తోటపని మీద ఒక మాసపత్రిక. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ టైముకి బస్సులు రాకపోవడం నా తప్పు కాదు.

మా యజమానికి మేం చాటున పెట్టుకున్న పేరు అంకెలయ్య. అంకె లేని మాట ఆయన నమ్మడు. వాన వచ్చేలా ఉందండీ అంటే నూటికి ఎంత అని అడుగుతాడు. అలాంటి మనిషి ఒక శుక్రవారం పొద్దున్నే నన్ను గదిలోకి పిలిచాడు.

"సంగీతం మీద ఒక పత్రిక పెడదామనుకుంటున్నానయ్యా. నువ్వేమంటావు?"

నేనేమంటాను. నా మంచం కింద నాలుగు వందల పాత గ్రామఫోను రికార్డులున్నాయి. పదేళ్ళుగా మనసులో ఒక పత్రిక నడుపుతూనే ఉన్నాను. పేరు కూడా పెట్టేశాను, 'చెవి' అని. అరవై నాలుగు పేజీలు. అందులో నలభై పేజీలు వయొలిన్ గురించే.

"సంపాదకుడు ఎవరండీ?" అన్నాను.

"చదివేవాళ్ళెవరో తేలితే కదా, నడిపేవాడెవరో తేలేది. నూరిళ్ళు తిరుగు. నూరు ఫారాలు నింపించు. ఇంట్లో ఎవరెవరున్నారు, వయసులెంత, ఏం వింటారు, ఏం చదువుతారు. పేర్లు వద్దు, తలుపు నంబరు చాలు. పది రోజులు టైము. సర్వే గట్టిగా వస్తే సంపాదకుడివి నువ్వే. రాకపోతే పత్రికా లేదు, నువ్వు మళ్ళీ బస్సుల దగ్గరికే."

ఆ సాయంత్రం ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. బస్సులోనే వచ్చి ఉండాలి.

మా ఆవిడ మా ముందుగదిలో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, వేసుకుని చూసుకోవడానికి మూలన ఒక తెర, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, బల్లకి పైన గోడమీద రేడియో. పదిహేనేళ్ళుగా మా పేటలో సగంమంది ఆ బల్ల మీద కూర్చునే కష్టసుఖాలు చెప్పుకుంటున్నారు.

"ఇదిగో, నేను సంపాదకుణ్ణి కాబోతున్నాను" అన్నాను గుమ్మంలోనే.

"చెప్పులు విప్పి అవండి. కింద గుడ్డ పరిచి ఉంది."

భోజనాల వేళకి ఫారం తయారైపోయింది. అంత వేగంగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదు. మిషను దగ్గర నిలబడి ఆవిడకి చదివి వినిపించాను.

"మూడో ప్రశ్న. మీకు వయొలిన్ అంటే ఇష్టమా, చాలా ఇష్టమా, ప్రాణమా?"

"ఇష్టం లేనివాళ్ళు ఎక్కడ టిక్కు పెట్టాలి?"

"అలాంటివాళ్ళ ఇంటికి నేను వెళ్ళను."

"నాలుగోది?"

"వయొలిన్ కమానుకి కట్టే వెంట్రుకల మీద పన్నెండు పేజీల వ్యాసం వస్తే, మీరు ఒకసారి చదువుతారా, రెండుసార్లు చదువుతారా?"

ఆవిడ పెదాల మధ్య గుండుసూదులున్నాయి కాబట్టి వెంటనే నవ్వలేదు. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, అప్పుడు తీరిగ్గా నవ్వింది.

"ఏమండీ, అడిగితే ఎవరూ నిజం చెప్పరు. నడుమెంత అని అడిగి చూడండి, ప్రతివాళ్ళూ రెండంగుళాలు మింగేస్తారు. టేపు పెడితేనే అసలు సంగతి తేలేది. పాటలూ అంతే. కావాలంటే ఈ బల్ల దగ్గర ఓ వారం కూర్చోండి. రేడియోలో పాట మారినప్పుడు ఎవరు కబుర్లు ఆపుతారో చూడండి."

"ఇది పరిశోధన. శాస్త్రం. నీ కుట్టుపని కాదు."

"సరే, శాస్త్రం కానివ్వండి. అన్నానికి మాత్రం వేళకి రండి."

మర్నాడే రంగంలోకి దిగాను. చంకలో ఫారాలు, జేబులో నాలుగు పెన్సిళ్ళు. ఉత్సాహం ఎంత అంటే, మొదటి ఇంటి తలుపు తట్టడానికి బదులు దరువు వేశాను. లోపలి నుంచి ఒకాయన వచ్చి, కరెంటు మీటరు చూపించి తలుపేసుకున్నాడు.

రెండో ఇంటి పెద్దాయన ఫారం మొత్తం నింపాడు. అన్ని జవాబులూ పక్కింటి కుక్క గురించే. మీకు నచ్చిన వాద్యం ఏది అన్నచోట, దాని నోరు మూయించేది ఏదైనా సరే అని రాశాడు.

మూడో ఇంటావిడ ఎంత మర్యాదస్తురాలంటే, నేను మొత్తం అడగకముందే వయొలిన్ తనకి ప్రాణం అనేసింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎవరు వాయిస్తే బాగుంటుందండీ అని అడిగాను. "ఎవరు ఊదినా వింటానండీ, నాకు తేడా లేదు" అంది.

ఎనిమిది రోజుల్లో అరవై ఫారాలు తెచ్చాను. మీకు అబద్ధం చెప్పను, అరవై ఇళ్ళలో వయొలిన్ నిజంగా వినేవాళ్ళు ఇద్దరు తేలారు. ఒకరు మా అక్క. రెండోవాడు మా బావ. బావ టిక్కు పెట్టేముందు ఒకసారి అక్క మొహం చూశాడు.

ఇంకా నలభై కావాలి. కాళ్ళు వాచిపోయాయి. సంపాదకుడి కుర్చీ కళ్ళముందు తిరుగుతోంది గానీ, దాంట్లోకి నడిచి వెళ్ళడానికి కాళ్ళు లేవు.

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ గుండీలు, దారాలు కొనడానికి బజారుకి వెళ్ళింది. నేను ముందుగదిలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. మిషను సొరుగు కొద్దిగా తెరిచి ఉంది. లోపల నల్ల అట్ట పుస్తకం. దాన్ని ముట్టుకోవద్దని ఆవిడ పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. నేను ముట్టుకోలేదు, రూలర్‌తో తెరిచాను.

ప్రతి పేజీలోనూ తలుపు నంబర్లు. పేర్లు లేవు. ఒక్కో నంబరు పక్కన నాలుగు అంకెలు. అంతే. ఉదాహరణకి: ముప్పై ఆరు, ముప్పై, పధ్నాలుగున్నర, తొమ్మిది.

నాకు ఒక్క క్షణంలో బోధపడింది. భర్త ముప్పై ఆరు, భార్య ముప్పై, పెద్దపిల్ల పధ్నాలుగున్నర, చిన్నవాడు తొమ్మిది. మా ఆవిడ తన దగ్గరికి వచ్చేవాళ్ళ కుటుంబాల వయసులన్నీ రాసి పెట్టుకుంది. పాపం, ఎంత ఆప్యాయత అనుకున్నాను. కొలతలు గుడ్డకి గుచ్చిన చీటీల మీద రాస్తుంది, అది నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

కొన్ని చోట్ల అనుమానం రాకపోలేదు. ఒక ఇంట్లో భార్యకి ఇరవై ఆరు, పెద్దపిల్లకి పధ్నాలుగు. రెండో పెళ్ళి అయ్యుంటుంది, పరిశోధకుడు తీర్పులు చెప్పకూడదు. ఇంకో ఇంట్లో భర్తకి నలభై, భార్యకి నలభై రెండు. ప్రేమించి చేసుకుని ఉంటారు. నలభై ఇళ్ళలోనూ ఇద్దరేసి పిల్లలే ఉండటం చూసి, మన పేట ఎంత బాగుపడిందని పొంగిపోయాను.

రెండు గంటల్లో నలభై ఫారాలు నింపేశాను. వయసులన్నీ పుస్తకంలోవి, ఇష్టాలన్నీ నావి. ఒక చోట కుడిచేత్తో, ఒక చోట ఎడమచేత్తో రాశాను. నలభై ఇళ్ళకీ వయొలిన్ ప్రాణం. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు కమాను వెంట్రుకల వ్యాసం రెండుసార్లు చదువుతామన్నారు. నేను గొప్పగా కనిపించే చోటు ఇదే అనుకున్నాను అప్పుడు.

మంగళవారం అంకెలయ్యగారు నా పట్టికలు ముందు పెట్టుకుని గంటసేపు ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"పధ్నాలుగున్నర అని రాశావు."

"అవునండీ."

"పదమూడు ముప్పావు అని కూడా రాశావు."

"ఖచ్చితంగా ఉండాలని."

"ఇదయ్యా పరిశోధనంటే. జనం పిల్లల వయసు అడిగితే నోటికొచ్చింది చెబుతారు. నువ్వు పావులు, అరలు కూడా రాబట్టావు. నువ్వే సంపాదకుడివి."

పదిహేడేళ్ళ తర్వాత నా పేరు అచ్చులోకి రాబోతోంది. అదీ బస్సుల కింద కాదు.

"మొదటి సంచిక అట్టమీద వయొలిన్ వేద్దామండీ."

"వయొలిన్ ఎందుకు? నీ సర్వే నువ్వే చూసుకోలేదా? పావులు, అరలు రాబట్టిన ఈ నలభై ఇళ్ళలో పెద్దపిల్లలందరూ పదమూడు నుంచి పదిహేను లోపలే ఉన్నారు. ఒక్క ఇల్లు కూడా తప్పలేదు. ఇంత వరసగా ఉన్న అంకెలు నా జన్మలో చూడలేదు. మన పత్రిక ఈ పిల్లలకే. డ్రమ్ములు, గంతులు, పెద్దపెద్ద రంగు బొమ్మలు."

"మరి వయొలిన్ ప్రాణమని నలభైమంది..."

"అది వాళ్ళ నాన్నలకి. నాన్నలు కొంటారు గానీ చదవరు."

నా దొంగ ఫారాలే నా వయొలిన్ పీక పిసికేశాయి. అయినా కుర్చీ దక్కింది కదా అని ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు. ఆ నలభై కుటుంబాలనీ ఆఫీసు హాలుకి పిలిచి, ఆ ఎనభైమంది పిల్లల్నీ కూర్చోబెట్టి, ఏం కావాలో వాళ్ళ నోటితోనే వినాలన్నాడు. ఇంటింటికీ ఉత్తరం పంపమన్నాడు. ఉత్తరం చివర ఆ ఇంటివాళ్ళ వయసులు కూడా వేసి, తప్పుంటే దిద్దమని రాయమన్నాడు. అంకెలు రెండోసారి సరిచూసుకోవడం ఆయనకి ప్రాణం.

నేను వద్దని చెప్పి ఉండాల్సింది. కానీ ఉత్తరం కింద 'సంపాదకుడు' అని నా పేరు వేస్తామన్నారు. నలభై ఉత్తరాల మీద నేనే సంతకాలు పెట్టాను. నాలుగు కొంచెం పెద్దగానే పెట్టాను.

శుక్రవారం పొద్దున నేను మిషన్ల వెనక కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. మొదట వచ్చింది పక్క వీధి నర్సు. రిటైరై పదేళ్ళైంది, ఒంటరిగా ఉంటుంది.

"నాకు నలభై రెండేళ్ళ మొగుడున్నాడట" అంది మా ఆవిడతో, ఉత్తరం చూపిస్తూ. "మీ ఆయన సంతకం పెట్టాడు. మనిషిని కూడా పంపిస్తాడేమో కనుక్కుని చెప్పు, ఇల్లు సర్దుకోవాలి."

ఆ వెనకే ఇంకో ఆరుగురు. తర్వాత ఇంకో ఎనిమిదిమంది. పెళ్ళి కాని లైబ్రరీ ఉద్యోగిని తన ఇద్దరు పిల్లల గురించి ఆరా తీసింది. అప్పుడు బడిపంతులమ్మ తన ఉత్తరం దీపం దగ్గరగా పెట్టి చూసి, మెల్లిగా అంది.

"ముప్పై ఎనిమిది, ముప్పై నాలుగు, పదిహేను, పది. ఇవి వయసులు కాదు. నా ఛాతీ, నా నడుము, నా జాకెట్టు పొడుగు, నా చేతుల పొడుగు."

గదిలో మిషను కూడా ఆగిపోయింది. అందరూ ఎవరి ఉత్తరం వాళ్ళు మళ్ళీ తీసి చూసుకున్నారు. చూసుకుని, పక్కవాళ్ళకి కనబడకుండా మడిచేశారు. నేను టీ గ్లాసుతో సహా తెర వెనక్కి వెళ్ళిపోయాను.

"ఏమండీ" అంది మా ఆవిడ. "తెర మోకాళ్ళదాకానే ఉంటుంది."

బయటికి వచ్చాను. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఈ పుస్తకం నేను మా అమ్మకి కూడా చూపించలేదు. పేరు రాయొద్దని వీళ్ళు అడిగారని పదిహేనేళ్ళుగా నంబర్లే వేసుకుంటున్నాను. వీళ్ళ నడుం కొలత వీళ్ళింట్లో మగవాళ్ళకే తెలియదు. మీరు అచ్చు వేసి పంచారు. రేపట్నుంచి ఈ గుమ్మం ఎవరు తొక్కుతారండీ?"

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నాకు సంపాదకుడి కుర్చీ తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆవిడ మొహం చూశాక చాలా సిగ్గేసింది. నా కుర్చీ కోసం ఆవిడ బల్ల ఖాళీ చేయించబోయాను.

ఇంతలో అంకెలయ్యగారు దిగాడు. ఒంటరిగా కాదు. ముందు ఆయన భార్య, వెనక ఆవిడ తమ్ముడు. ఆ తమ్ముడు బ్రహ్మచారి. ఆవిడ తన కొలతలు మొగుడికి తెలియకూడదని, ఇక్కడ తమ్ముడింటి నంబరు ఇచ్చి కుట్టించుకుంటోందట. మాకా సంగతి తెలియదు. తమ్ముడికి భార్యతో, ఇద్దరు పిల్లలతో రమ్మని ఉత్తరం వస్తే, కంగారుపడి అక్క దగ్గరికి పరిగెత్తాడు. అక్క అంకెలు చూడగానే చెప్పులేసుకుంది.

అంకెలయ్యగారికి మాత్రం ఇంకా ఏమీ అర్థం కాలేదు. గదంతా కలయజూసి, "పిల్లలేరయ్యా?" అన్నాడు నాతో.

"పిల్లలు లేరండీ."

"ఒక్కరూ?"

"జాకెట్ల పొడుగులండీ."

మొత్తం చెప్పేశాను. ఫారాలు, రూలరు, ఎడమచెయ్యి, అన్నీ. చెప్పడం అయ్యేసరికి ఆయన మొహంలో రంగు లేదు. నా అబద్ధం కన్నా ఆ అంకెల వరస పోయిందనే ఆయన బాధ ఎక్కువ.

"అయితే సర్వే లేదు. సర్వే లేకపోతే పత్రిక లేదు" అన్నాడు.

ఆ క్షణంలోనే రేడియోలో ఏదో పాట అందుకుంది. పాతదే, అందరికీ తెలిసిందే. అంత కోపంలోనూ బడిపంతులమ్మ కాలు ఆడింది. నర్సు సన్నగా కూనిరాగం తీసింది. పల్లవి దాటగానే ఇద్దరి నోటా మాటలు పోయి లలలా అన్నారు.

మా ఆవిడ రేడియో కట్టేసింది.

"అయ్యగారూ, మీకు అంకెలు కావాలి కదా. ఇక్కడ మీ ఆవిడగారితో కలిపి పదిహేడుమంది ఆడవాళ్ళం ఉన్నాం. ఇప్పుడు మోగిన పాట తలా ఒకసారి పాడించి చూడండి. పదిహేనేళ్ళుగా వింటున్నాను. పల్లవి అందరికీ వచ్చు. చరణం ఎవరికీ రాదు. గుర్తు రావట్లేదని బాధపడి, నన్నడుగుతారు, నాకూ రాదు."

అంకెలయ్యగారు జేబులోంచి పెన్ను తీశాడు. ఒక్కొక్కరినే పాడమన్నాడు. కోపంగా వచ్చినవాళ్ళు కాస్తా గొంతు సవరించుకున్నారు. నర్సు లలలా, లైబ్రరీ అమ్మాయి లలలా, ఆయన భార్య మరీ గట్టిగా లలలా. మా ఆవిడ కూడా లలలాయే. లైబ్రరీ అమ్మాయి పక్కన కూర్చున్న ముసలావిడ ఒక్కతే చరణం చివరిదాకా పాడింది. పాడటం అయ్యేసరికి ఆవిడ చుట్టూ ఆరుగురు చేరి కాయితాల మీద రాసుకుంటున్నారు. రాసుకుంటున్నది నా ఉత్తరాల వెనకే.

"పదిహేడుకి పదహారు" అన్నాడు అంకెలయ్యగారు. "నూటికి తొంభై నాలుగు. అమ్మా, దీనికి పత్రికలో ఏం వెయ్యాలి?"

"పాట మొత్తం వెయ్యండి. వంట చేస్తూ దూరం నుంచి చదువుకునేంత పెద్ద అక్షరాల్లో. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తు పెట్టండి. రాగం తీయడం నేర్పేవాళ్ళు ఏ వీధిలో ఉన్నారో వెయ్యండి. అంతే. మిగతాది ఈ బల్ల మీద కూర్చుంటే మీకే తెలుస్తుంది."

నేను మధ్యలో, "వయొలిన్..." అన్నాను. పదిహేడుమంది నా వైపు చూశారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"సంపాదకుడు దొరికాడు" అన్నాడు అంకెలయ్యగారు, మా ఆవిడని చూస్తూ.

"పొద్దున్న కుట్టుపని, మధ్యాహ్నం పత్రిక. కుదిరితే చేస్తాను" అంది ఆవిడ. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేను పదేళ్ళు ఆలోచించిన పని అది. "కానీ ముందు వీళ్ళు నన్ను క్షమించాలి. నా సొరుగు నేను తాళం వేసుకోలేదు."

"నువ్వెందుకు క్షమాపణ అడుగుతావు" అంది నర్సు. లేచి మా ఆవిడ మెడలోంచి టేపు తీసుకుంది. "ఈయన చెయ్యని సర్వే ఈయన చేతే చేయిద్దాం. నలభై ఇళ్ళూ తిరగమను. ప్రతి ఇంట్లోనూ ముందు మేం ఈయన నడుం కొలుస్తాం, ఆ తర్వాతే జవాబులు చెబుతాం. మా కొలతలు అచ్చైనట్టే ఈయనదీ అచ్చవ్వాలి. అప్పుడు లెక్క సరి."

అందరికీ అది న్యాయంగానే తోచింది. మా ఆవిడ నా వైపు చూసి ఆ పూట మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకూ న్యాయంగానే తోచింది.

వారం రోజులు తిరిగాను. టేపు మెడలో వేసుకుని నేనే పట్టుకెళ్ళాలి. ప్రతి గుమ్మంలోనూ చేతులు పైకెత్తి నిలబడ్డాను. ఊపిరి బిగబడితే నర్సు వీపు మీద ఒకటి చరిచింది. లైబ్రరీ అమ్మాయి రెండుసార్లు కొలిచి, పెద్ద అంకె రాసుకుంది. కానీ ఒక మాట చెప్పాలి, ఆ నలభై ఇళ్ళలో నాకు దొరికినన్ని నిజాలు అంతకుముందు అరవై ఇళ్ళలో దొరకలేదు. నా నడుం తెలిశాక ఎవరికీ నా దగ్గర దాచుకోవాలనిపించలేదేమో. ఒకావిడ తనకి పాటలంటేనే గిట్టదని, మొగుడు పాడతాడు కాబట్టే అని చెప్పి ఏడ్చింది. అదీ రాసుకున్నాను.

మొదటి సంచిక మూడు రోజుల్లో అయిపోయింది. పేరు 'చెవి' అనే ఉంచింది మా ఆవిడ, ఆ పేరు ఆవిడకి నచ్చిందట. చివరి పేజీలో వయొలిన్‌కి పావు పేజీ ఇచ్చింది, వెంట్రుకలు లేకుండా. రెండో పేజీలో సంపాదకురాలి పేరు కింద గళ్ళకట్టిన పెట్టెలో సర్వే వివరాలు వేసింది. తిరిగిన ఇళ్ళు నలభై. సర్వే చేసినవారి పేరు, అది నాది. ఆయన నడుము, నలభై ఇళ్ళ సగటు: నలభై మూడున్నర అంగుళాలు.

"ఆ అర అయినా తీసెయ్యవే" అని బతిమాలాను.

"శాస్త్రం కదండీ" అంది.

ఆ పేజీ ప్రూఫు నా బల్ల మీదకే వచ్చింది. రెండుసార్లు చదివాను. తప్పులేమీ లేవు.